మంచంపైనే బొమ్మలు.. తొమ్మిది రోజుల తేడాతో చేతికందని పుస్తకం! సత్యజిత్ రే తండ్రి సుకుమార్ రే కథ ఇది

సత్యజిత్ రే పేరు చెప్పగానే పథేర్ పాంచాలీ గుర్తొస్తుంది. మరి ఆయన తండ్రి ఎవరో తెలుసా? బెంగాలీ ఇళ్లల్లో మాత్రం ఆ ప్రశ్న అడగక్కర్లేదు. అక్కడ పిల్లలకి కొడుకు సినిమాల కంటే ముందు తండ్రి గీసిన బొమ్మలే పరిచయం అవుతాయి. ఆయనే సుకుమార్ రే. రాసిందీ ఆయనే, బొమ్మలు వేసిందీ ఆయనే. కానీ తన పేరును వందేళ్లు నిలబెట్టిన పుస్తకం అచ్చై వచ్చేసరికి ఆయన లేరు. 1923 సెప్టెంబర్ 10న కన్నుమూశారు. పుస్తకం సెప్టెంబర్ 19న వచ్చింది. మధ్యలో తొమ్మిదంటే తొమ్మిది రోజులు!

ఇంట్లోనే ప్రెస్.. చిన్నప్పటి నుంచీ సిరా వాసనే

సుకుమార్ 1887 అక్టోబర్ 30న కలకత్తాలో పుట్టారు. తండ్రి ఉపేంద్రకిశోర్ రాయ్ చౌధురి కూడా పిల్లల రచయితే, చిత్రకారుడే. ఆ రోజుల్లో పుస్తకంలో బొమ్మ రావాలంటే ఒక పనివాడు దాన్ని చెక్క దిమ్మ మీద చేత్తో చెక్కాలి. చిత్రకారుడు గీసింది ఒకటి, అచ్చులో వచ్చేది ఇంకొకటి. తన పిల్లల రామాయణంలో బొమ్మలు పాడైపోవడం చూసి ఉపేంద్రకిశోర్ ఊరుకోలేదు. ఇంగ్లండ్ నుంచి కెమెరా, పరికరాలు తెప్పించుకుని, పుస్తకాలు చదివి సొంతంగా హాఫ్‌టోన్ బ్లాకుల తయారీ నేర్చుకున్నారు. బొమ్మని సన్నటి చుక్కలుగా విడగొట్టి, నలుపు తెలుపుల మధ్య ఛాయలన్నీ అచ్చులో వచ్చేలా చేసే పద్ధతి అది. 1895లో సొంత సంస్థ పెట్టారు. అదే తర్వాత యు.రే అండ్ సన్స్ అయింది.

అలాంటి ఇంట్లో పెరిగిన సుకుమార్ బొమ్మల కాలేజీకి వెళ్లలేదు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివారు. అలాగని బుద్ధిగా పుస్తకాల్లోనే తల దూర్చారనుకుంటే పొరపాటే. స్నేహితుల్ని పోగేసి నాన్సెన్స్ క్లబ్ అని ఒకటి పెట్టారు. నవ్వించే నాటకాలు రాసి, వాళ్లతోనే ఆడించారు.

1911లో స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ వెళ్లారు. లండన్‌లో, ఆ తర్వాత మాంచెస్టర్‌లో ఫొటోగ్రఫీ, బ్లాకుల తయారీ, లిథోగ్రఫీ నేర్చుకున్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ గీతాంజలితో ఇంగ్లండ్‌కి వచ్చిన రోజులు కూడా అవే. రవీంద్రుడి గురించి సుకుమార్ అక్కడ ఇంగ్లిష్‌లో ప్రసంగించారు, ఆ వ్యాసం 1913లో అచ్చయింది. రే కుటుంబానికి ఆయన ఆత్మీయుడు. వయసులో పాతికేళ్లకు పైగా తేడా ఉన్నా ఇద్దరి మధ్యా మంచి స్నేహం నడిచింది.

సందేశ్ అంటే మిఠాయి.. కబురు కూడా!

1913లో ఉపేంద్రకిశోర్ పిల్లల కోసం సందేశ్ అనే పత్రిక మొదలుపెట్టారు. బెంగాలీలో సందేశ్ అంటే కబురు, పాలవిరుగుడుతో చేసే మిఠాయి కూడా. నోటికి తీపి, బుర్రకి మేత అన్నమాట! అదే ఏడాది సుకుమార్ తిరిగొచ్చి పత్రికలో చేయి వేశారు. సుప్రభతో పెళ్లీ ఆ ఏడాదే. గర్‌పార్ రోడ్డులో కట్టుకున్న కొత్త ఇంట్లోనే ప్రెస్, అక్కడే కుటుంబం.

అంతా కుదురుకుంటోంది అనుకునేలోపే 1915 డిసెంబర్‌లో తండ్రి పోయారు. అప్పటికి సుకుమార్‌కి 28 ఏళ్లు. ప్రెస్ బాధ్యత, పత్రిక ఎడిటింగ్ రెండూ నెత్తిన పడ్డాయి. నెల తిరిగేసరికి సంచిక రావాలి. కథ తక్కువైతే కథ రాయాలి, బొమ్మ కావాలంటే బొమ్మ గీయాలి. సైన్సు వ్యాసాలు కూడా ఆయనవే. మరోపక్క మిత్రులతో కలిసి మండే క్లబ్ నడిపారు. సోమవారం సోమవారం సాహిత్య చర్చ, దాంతో పాటు గట్టిగా తిండి. మండా అన్నది కూడా బెంగాలీ మిఠాయే కాబట్టి దానికి మండా క్లబ్ అని పేరొచ్చేసింది!

బాతుకి ముళ్లపంది ఒళ్లు.. భుజాన ఊరించే యంత్రం

సుకుమార్ బొమ్మల్లో ఉన్న గమ్మత్తేంటంటే.. లేనిదాన్ని ఉన్నట్టే గీస్తారు. రెండు జంతువుల పేర్లు కలిపేసి ఒకే మాట చేయడం ఆయనకి సరదా. మాటల్లో అది పదాల ఆటే. కానీ పక్కనే బొమ్మ చూస్తే బాతూ ముళ్లపందీ నిజంగానే ఒక్క ఒంట్లో ఒదిగిపోయి నిలబడి ఉంటాయి. ఏనుగు వెళ్లి తిమింగలంలో కలుస్తుంది. అతుకు ఎక్కడుందో కనిపించదు. ఇలాంటి జంతువు ఉండదని చెప్పడానికి పిల్లలకి మనసొప్పదు.

ఇంకో బొమ్మలో ఒక బాబాయ్ కనిపెట్టిన యంత్రం ఉంటుంది. దాన్ని భుజాలకి తగిలించుకుంటే ముక్కు ముందు తిండి వేలాడుతుంది. అందుకోవాలని మనిషి ఎన్ని మైళ్లైనా నడుస్తూనే ఉంటాడు. అది నవ్వులాటే. కానీ ఏ కర్ర ఎక్కడ బిగించాలో అన్నంత వివరంగా గీశారు. యంత్రాలతో పని చేసిన మనిషి చెయ్యి అందులో తెలిసిపోతుంది. తన మీసం దొంగతనం అయిందని ఆఫీసంతా ఎగిరిపడే పెద్ద గుమాస్తా, నవ్వడం నిషేధం అన్నట్టు ముఖం వేలాడేసుకున్న వింత జీవి.. ఇవన్నీ పిల్లల బొమ్మలే. పెద్దవాళ్లకి మాత్రం ఆ ముఖాలు ఎక్కడో చూసినట్టే ఉంటాయి.

హ జ బ ర ల అనే కథ కూడా అంతే. చెట్టు నీడలో పడుకున్న పిల్లాడి చేతిరుమాలు పిల్లిగా మారిపోతుంది. పలకా బలపం పట్టుకుని లెక్కలు వేసే కాకి ఎదురవుతుంది. ఆ తర్వాత అంతా కలగాపులగమే.

కొడుకు పుట్టిన ఏడాదే మంచాన పడ్డారు

1921 మే 2న సత్యజిత్ పుట్టారు. ఆ ఏడాదే సుకుమార్‌కి కాలా అజార్ సోకింది. ఇసుక ఈగ కుట్టడం వల్ల వ్యాపించే ఈ జ్వరం మనిషిని నెమ్మదిగా తినేస్తుంది. అదే కలకత్తాలో, అదే కాలంలో డాక్టర్ ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి దీనికి యూరియా స్టిబమైన్ అనే మందు తయారుచేశారు. తర్వాతి సంవత్సరాల్లో అది లెక్కలేనంత మందిని బతికించింది. సుకుమార్ మాత్రం దక్కలేదు.

రెండేళ్లకు పైగా జబ్బుతో ఉన్నా ఆయన పని ఆపలేదు. పడుకునే రాశారు, పడుకునే గీశారు. సందేశ్‌లో ఏళ్ల తరబడి వచ్చిన పద్యాల్ని ఏరి, ఆబోల్ తాబోల్ పేరుతో పుస్తకంగా కూర్చారు. ఏ పేజీలో ఏ బొమ్మ రావాలో, కవర్ ఎలా ఉండాలో స్వయంగా చూసుకున్నారు. చివరి రోజుల్లో ఠాగూర్ ఇంటికొచ్చి, సుకుమార్ కోరిన పాటలు మంచం పక్కనే పాడి వినిపించారు. కొద్దిరోజులకే అంతా అయిపోయింది. సుకుమార్‌కి ఇంకా 36 కూడా నిండలేదు.

ఇల్లు పోయింది.. బొమ్మలు మిగిలాయి

ఆ తర్వాత కొన్నేళ్లకే సంస్థ దివాలా తీసింది. ప్రెస్ పోయింది, ఇల్లూ పోయింది. సుప్రభ చిన్నారి సత్యజిత్‌ని తీసుకుని తమ్ముడి ఇంటికి చేరారు. ఉద్యోగం చేస్తూ కొడుకుని చదివించారు. తండ్రి పోయేనాటికి సత్యజిత్‌కి రెండేళ్ల నాలుగు నెలలు. అందుకే నాన్నని ఆయన పుస్తకాల్లో, బొమ్మల్లో వెతుక్కోవాల్సి వచ్చింది.

విచిత్రం ఏంటంటే.. కొడుకు కూడా పుస్తకాల బొమ్మలతోనే మొదలయ్యారు. 1940ల్లో పిల్లల కోసం కుదించిన పథేర్ పాంచాలీకి బొమ్మలు వేస్తున్నప్పుడే దాన్ని సినిమాగా తీయాలన్న ఆలోచన బలపడింది. 1955లో ఆ సినిమా వచ్చింది. 1961లో ఆగిపోయిన సందేశ్‌ని సత్యజిత్ మళ్లీ మొదలుపెట్టారు. ఫెలూదా, ప్రొఫెసర్ శంకు పుట్టింది ఆ పేజీల్లోనే. 1987లో తండ్రి శతజయంతికి ఆయన మీద ఓ డాక్యుమెంటరీ కూడా తీశారు.

2023తో ఆబోల్ తాబోల్‌కి వందేళ్లు నిండాయి. దాన్ని అచ్చు రూపంలో చూసుకునే అదృష్టం సుకుమార్‌కి దక్కలేదు. కానీ బెంగాల్లో చదవడం నేర్చుకునే ప్రతి పిల్లాడి చేతికీ అది ఇప్పటికీ కొత్త పుస్తకంలాగే అందుతోంది. ఆ పిల్లాడు పేజీ తిప్పగానే బాతూ ముళ్లపందీ కలిసిన ఆ జీవి ఎదురొస్తుంది. మంచం మీద నుంచి ఆ మనిషి పంపిన కబురు.. మిఠాయి కూడా.