గ్రేస్ హాపర్

గ్రేస్ బ్రూస్టర్ ముర్రే హాపర్ (డిసెంబర్ 9, 1906 – జనవరి 1, 1992) అమెరికాకు చెందిన గణిత శాస్త్రవేత్త, కంప్యూటర్ శాస్త్రవేత్త, నౌకాదళ అధికారిణి. ఒక కంప్యూటర్ కొరకు వ్రాసిన ప్రోగ్రాము మరొక రకం కంప్యూటర్‌పై నడవని కాలంలో, యంత్రంతో నిమిత్తం లేకుండా ప్రోగ్రాములు వ్రాసే విధానం కొరకు ఈమె కృషి చేసింది. కంపైలర్లను రూపొందించిన తొలితరం వారిలో ఈమె ముఖ్యురాలు.

జననం, విద్యాభ్యాసం

హాపర్ న్యూయార్క్ నగరంలో జన్మించింది. 1928లో వాసర్ కళాశాల నుండి గణిత, భౌతిక శాస్త్రాలలో పట్టా పొందింది. యేల్ విశ్వవిద్యాలయంలో 1930లో మాస్టర్స్ పట్టాను, 1934లో గణితంలో డాక్టరేటును సాధించింది. 1931 నుండి వాసర్‌లోనే గణితం బోధించింది.

నౌకాదళంలో

రెండవ ప్రపంచ యుద్ధ సమయంలో నౌకాదళంలో చేరదలచిన హాపర్‌కు వయసు, తక్కువ బరువు ఆటంకాలయ్యాయి. ప్రత్యేక మినహాయింపు పొంది 1943లో రిజర్వు దళంలో చేరింది. 1944లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో హోవార్డ్ ఐకెన్ ఆధ్వర్యంలోని మార్క్ 1 కంప్యూటర్‌పై పనిచేయుటకు నియమితురాలైనది. ఆ యంత్రానికి ఆదేశాలను రంధ్రాలు చేసిన కాగితపు పట్టీపై అందించేవారు.

1947లో మార్క్ 2 యంత్రపు రిలేలో చిక్కుకున్న చిమ్మటను సిబ్బంది తీసి లాగ్ పుస్తకంలో అంటించారు. ఈ సంఘటనను హాపర్ తన ఉపన్యాసాలలో ప్రచారం చేసింది. అయితే యంత్ర లోపాన్ని బగ్ అని పిలవడం అంతకు చాలాకాలం ముందునుండే వాడుకలో ఉంది.

కంపైలర్

1949లో హాపర్ ఎకెర్ట్-మాక్లీ సంస్థలో చేరి యూనివాక్ 1 కంప్యూటర్‌పై పనిచేసింది. తరచుగా అవసరమయ్యే సబ్‌రొటీన్లను ప్రతిసారీ చేతితో నకలు చేయడం వలన తప్పులు దొర్లేవి. దీనికి పరిష్కారంగా 1952లో ఏ-0 అనే వ్యవస్థను రూపొందించింది. ఇది అయస్కాంత టేపుపై నిల్వ చేసిన సబ్‌రొటీన్లను సంఖ్యల ఆధారంగా వెదకి, తగిన చిరునామాలతో జతపరచి, ఒకే ప్రోగ్రాముగా కూర్చేది. ఈనాటి పరిభాషలో ఇది లింకర్, లోడర్‌లకు దగ్గరగా ఉంటుంది. కంప్యూటర్ లెక్కలు చేయగలదే గాని ప్రోగ్రాములు తయారుచేయలేదన్న అభిప్రాయం బలంగా ఉన్నందున దీనికి వెంటనే ఆదరణ లభించలేదు.

తరువాత ఈమె బృందం ఆంగ్ల పదాలతో ఆదేశాలు వ్రాయగల ఫ్లో-మాటిక్ భాషను రూపొందించింది.

కోబాల్

1959లో ప్రభుత్వ, పరిశ్రమల ప్రతినిధులతో ఏర్పడిన కోడాసిల్ సంఘం కోబాల్ భాషను రూపొందించింది. హాపర్ దీనికి సాంకేతిక సలహాదారుగా వ్యవహరించింది. కోబాల్‌కు ఫ్లో-మాటిక్ ముఖ్య ఆధారం. 1960 డిసెంబర్‌లో ఒకే కోబాల్ ప్రోగ్రామును స్వల్ప మార్పులతో ఆర్.సి.ఎ. 501, యూనివాక్ 2 కంప్యూటర్లు రెండింటిపైనా నడిపి చూపారు. ఈ రెండు యంత్రాల అంతర్గత ఆదేశాలు వేరైనా, ఏ యంత్రపు కంపైలర్ ఆ యంత్రానికి తగిన కోడ్‌ను తయారుచేసింది.

1966లో పదవీ విరమణ చేసిన హాపర్‌ను నౌకాదళం 1967లో తిరిగి పిలిపించింది. వేర్వేరు తయారీదారుల కోబాల్ కంపైలర్లు ప్రమాణానికి కట్టుబడి ఉన్నాయో లేదో తేల్చే పరీక్షా ప్రోగ్రాముల రూపకల్పనకు ఈమె నాయకత్వం వహించింది.

నేటి ప్రాధాన్యత

సోర్స్ కోడ్ నుండి సాఫ్ట్‌వేర్‌ను కంపైల్ చేసేటప్పుడు, ఎక్స్86 ప్రాసెసర్‌కు తయారైన ఆబ్జెక్ట్ ఫైలును, ఆర్మ్ ప్రాసెసర్‌కు తయారైన లైబ్రరీని కలపబోతే లింకర్ దోషం చూపుతుంది. సోర్స్ అదే అయినా, కంపైల్ అయిన కోడ్ ఒక ప్రాసెసర్‌కే చెందుతుంది. పాత ఆబ్జెక్ట్ ఫైళ్ళను తొలగించి, అన్ని భాగాలనూ ఒకే లక్ష్య ప్రాసెసర్‌కు తిరిగి కంపైల్ చేయడం దీనికి పరిష్కారం. హాపర్ ప్రతిపాదించిన యంత్ర స్వతంత్రత సోర్స్ స్థాయికి చెందినదని దీనివలన తెలుస్తుంది.

చివరి దశ, గుర్తింపు

1986లో 79 ఏళ్ళ వయసులో రియర్ అడ్మిరల్ హోదాలో పదవీ విరమణ చేసింది. 1991లో అమెరికా జాతీయ సాంకేతిక పతకాన్ని అందుకుంది. 1992 జనవరి 1న వర్జీనియా రాష్ట్రంలోని ఆర్లింగ్టన్‌లో మరణించింది. ఈమె పేరిట యు.ఎస్.ఎస్. హాపర్ అనే యుద్ధనౌక ఉంది. 2016లో మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ లభించింది.