జనం తిండి, బట్ట, ఆటలనే చరిత్రగా రాశాడు.. గద్వాల బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి జీవితం ఇదీ!

యూనివర్సిటీలో హిస్టరీ చదివేవాళ్లకు సిలబస్ దాదాపు ఒకేలా ఉంటుంది. శాతవాహనులతో మొదలై కాకతీయులు, విజయనగరం, కుతుబ్‌షాహీలు, అసఫ్‌జాహీల మీదుగా ఆధునిక కాలానికి వస్తుంది. ఏ రాజు ఎప్పుడు గద్దెనెక్కాడు, ఏ యుద్ధం ఏ ఏడాది జరిగింది.. ఇవే గుర్తుపెట్టుకోవాలి. మరి ఆ రాజుల కాలంలో మామూలు మనిషి ఏం తిన్నాడు? ఏం కట్టుకున్నాడు? పన్ను ఎంత కట్టాడు? పండగ రోజు ఏ ఆట ఆడాడు? ఈ ప్రశ్నలు పట్టుకుని సుమారు 850 ఏళ్ల తెలుగువాళ్ల బతుకును ఒకే పుస్తకంలోకి తెచ్చిన మనిషి ఉమ్మడి పాలమూరు జిల్లావాడే. ఆయనే సురవరం ప్రతాపరెడ్డి. ఆయన హిస్టరీ ప్రొఫెసర్ కాదు. చదివింది లా, నడిపింది పత్రిక.

గద్వాల సంస్థానంలో పుట్టి..

1896 మే 28న అమ్మమ్మగారి ఊరు బోరవెల్లిలో ప్రతాపరెడ్డి పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు. అప్పట్లో ఈ ప్రాంతం గద్వాల సంస్థానం కింద ఉండేది, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. చిన్నప్పుడే తండ్రి చనిపోవడంతో కర్నూలులో చిన్నాన్న దగ్గర ఉండి చదువుకున్నారు. తెలుగు, సంస్కృతం మీద పట్టు అక్కడే దొరికింది. తర్వాత హైదరాబాద్ నిజాం కాలేజీలో ఇంటర్, మద్రాసులో డిగ్రీ పూర్తి చేశారు. లా కూడా చదివి కొన్నాళ్లు వకీలుగా పనిచేశారు.

హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ బాధ్యతలు తీసుకోవడం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. పల్లెల నుంచి చదువు కోసం సిటీకి వచ్చే పిల్లలతో కలిసి ఉండటం, వాళ్ల కోసం లైబ్రరీని పెంచడం.. ఇదే ఆయన రోజువారీ పని అయింది. నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాట్లాడేది తెలుగే అయినా కచేరీల్లో, పై చదువుల్లో నడిచేది ఉర్దూ. తెలుగు పిల్లలు తమ భాషకు దూరమవుతున్న సంగతి ఆయన కళ్లారా చూశారు.

గోలకొండ పత్రిక

1926 మే 10న గోలకొండ పత్రిక మొదలైంది. వారానికి 2 సార్లు వచ్చేది. సంపాదకుడు ప్రతాపరెడ్డే. వార్తలు, సంపాదకీయాలు, వ్యాసాలు.. చాలా వరకు ఆయన చేతి మీదుగానే నడిచేవి. రకరకాల మారుపేర్లతో కూడా రాసేవారు. నిజాం సర్కారు నిఘా ఉన్నా పత్రిక ఆగలేదు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు.

ఒక్క మాటకు 354 మందితో జవాబు

తెలంగాణలో కవులే లేరన్న అర్థం వచ్చేలా ఒకరు రాసిన మాట అప్పట్లో పెద్ద దుమారమే రేపింది. ప్రతాపరెడ్డి దానికి తిట్లతో బదులు చెప్పలేదు. నిజాం రాజ్యం నలుమూలల నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను అచ్చేశారు.

గద్వాల, వనపర్తి సంస్థానాల్లో కవి పండితులకు తరతరాలుగా ఆదరణ ఉండేది. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపురం రాజధానిగా సాగిన జటప్రోలు సంస్థానంలోనూ అంతే. అయినా ఇక్కడి కవుల పేర్లు బయటి పుస్తకాల్లో పెద్దగా కనిపించేవి కావు. లేరని ఎవరైనా అంటే ఉన్నారని చూపించడానికి చేతిలో ఒక పుస్తకం ఉండాలి. ఆ పుస్తకాన్ని ఆయన ఇచ్చారు.

కావ్యాల్లో దొరికిన పూటకూళ్ల భోజనం

1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆయనకు శాశ్వతమైన పేరు తెచ్చింది. తూర్పు చాళుక్యుల కాలం దగ్గర మొదలై 1907 వరకు నడిచే పుస్తకం ఇది. కాకతీయులు, రెడ్డి రాజులు, విజయనగరం.. ఇలా కొన్ని అధ్యాయాల పేర్లు రాజులవే. లోపల ఉన్నది మాత్రం జనం.

మరి ఈ వివరాలు ఎక్కడ దొరికాయి? రాజుల శాసనాల్లో యుద్ధాలు, దానాల సంగతులే ఎక్కువ. అందుకే ఆయన శాసనాలతో పాటు పాత కావ్యాలనూ సాక్ష్యంగా తీసుకున్నారు. క్రీడాభిరామం చదివితే ఓరుగల్లు వీధులు కనిపిస్తాయి. ఒక్క రూకకు పూటకూళ్ల ఇంట్లో సన్నన్నం, పెసరపప్పు, నెయ్యి, పెరుగు దొరికేవని తెలుస్తుంది. పాల్కురికి సోమనాథుడి రచనల్లో ఆటలు, పాటలు, వాయిద్యాలు ఉన్నాయి. ఆముక్తమాల్యదలో వానాకాలం పల్లె బతుకు ఉంది. హంసవింశతిలో పిల్లల ఆటల నుంచి వృత్తులవాళ్ల పనిముట్ల దాకా పేర్లు దొరుకుతాయి. పండితులు అలంకారాల కోసం చదివే పద్యాల్లో ఆయన బట్టలు, నగలు, తిండి, పన్నులు, వ్యవసాయం వెతికారు. అర్థం తెలియని మాటల కోసం నిఘంటువులతో పాటు జనం వాడుకనూ పట్టించుకున్నారు. మన పూర్వీకుల్లో మంచిని చెప్పి వదిలేయలేదు. మూఢనమ్మకాలు, మతాల గొడవలు, జూదం.. అన్నీ రాశారు.

ఇదంతా ఎందుకంత ముఖ్యం? రాజు పేరు లేని కుటుంబాలే ఈ నేల మీద ఎక్కువ. చరిత్ర అంటే రాజులదే అయితే, ఆ కుటుంబాలకు చరిత్రే లేనట్టు అవుతుంది. దున్నినవాళ్లకూ నేసినవాళ్లకూ చరిత్ర ఉందని ఆయన ఆధారాలతో చూపించారు.

వనపర్తి ఎమ్మెల్యేగా..

1952 ఎన్నికల్లో వనపర్తి నుంచి గెలిచి హైదరాబాద్ శాసనసభలో అడుగుపెట్టారు. కానీ పదవిలో ఎక్కువ కాలం ఉండలేదు. 1953 ఆగస్టు 25న, 57 ఏళ్ల వయసులో కన్నుమూశారు. రెండేళ్లకు, 1955లో తెలుగుకు మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఆంధ్రుల సాంఘిక చరిత్రకే వచ్చింది. అది అందుకోవడానికి ఆయన లేరు.

హైదరాబాద్‌లోని తెలుగు యూనివర్సిటీకి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెడుతూ 2025 మార్చిలో తెలంగాణ అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. ఏ యూనివర్సిటీలోనూ హిస్టరీ పాఠం చెప్పని మనిషి పేరు ఇప్పుడు ఒక యూనివర్సిటీ గేటు మీద ఉంది. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేవాళ్లు గోలకొండ పత్రిక 1926, కవుల సంచిక 1934, సాంఘిక చరిత్ర 1949 అని బిట్లు బట్టీ పడుతుంటారు. ఆ మూడో పుస్తకాన్ని ఒక్కసారి తెరిచి చూడండి. ఎప్పుడో తాతమ్మ నోట విన్న వంటకం పేరో, చిన్నప్పుడు వాకిట్లో ఆడిన ఆట పేరో అందులో కనిపించొచ్చు.