జారుడు పీటపై జగజ్జేత : నెడ్ హాన్లన్

బలమున్నవాడిదే గెలుపు అనే నమ్మకం లోకంలో చిరకాలంగా పాతుకొనిపోయి ఉంది. కుస్తీ గోదాలోను, తాడు లాగే పందెంలోను ఈ నమ్మకానికి కొంత ఆధారం కనిపించవచ్చు. కాని నీటిపై పడవ నడిపే విద్యలో బలం ఒక్కటే చాలదు. ఆ బలాన్ని ఏ క్షణంలో, ఏ అవయవంతో, ఏ వరుసలో వినియోగించాలో ఎరిగినవాడే ముందుకు సాగుతాడు. ఈ సత్యాన్ని తన జీవితంతోనే నిరూపించిన మహాక్రీడాకారుడు కెనడా దేశీయుడైన నెడ్ హాన్లన్. పేద బెస్తవాని ఇంట పుట్టి, సామాన్యమైన దేహంతో తనకంటె ఎంతో దృఢకాయులను ఓడించి, ఐదు ఖండాలలో పేరు మారుమ్రోగిన ఈ వ్యక్తి చరిత్ర విద్యార్థి లోకానికి మననం చేసికొనదగినది.

హాన్లన్ 1855 జూలై 12న టొరాంటో నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు ఐర్లండు నుండి వలస వచ్చినవారు. తండ్రి చేపలు పట్టి కుటుంబాన్ని పోషించాడు. తరువాతి కాలంలో చిన్న హోటలు నడిపాడు. టొరాంటో నగరానికి ఎదురుగా, ఒంటారియో సరస్సులో ఒక ఇసుక దీవి ఉంది. ఆ దీవిలోనే వారి నివాసం. దీవిలో నివసించేవానికి పడవ విలాస వస్తువు కాదు; మన పల్లెలలో ఎడ్లబండి ఎట్టిదో వారికి పడవ అట్టిది. బడికి వెళ్ళాలన్నా, అంగడికి వెళ్ళాలన్నా నీరు దాటవలసిందే. బాలుడైన నెడ్ ప్రతిదినం తానే తెడ్లు వేసికొని రేవు దాటి నగరంలోని పాఠశాలకు వెళ్ళేవాడు. గాలివాటు, అలల తీరు, పడవ తూకం అతనికి పుస్తకం చూపక మునుపే నీరు నేర్పిన పాఠాలు.

ఆ రోజులలో ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలలో ఒంటరి పడవ పందేలకు అపారమైన ఆదరణ ఉండేది. ఒక మనిషి, రెండు తెడ్లు, మూరెడు వెడల్పయినా లేని సన్నని పడవ. నాలుగైదు మైళ్ళ దూరం. గట్లపై వేలాది జనం నిలిచి చూసేవారు. గోదావరిలోను, కృష్ణలోను మన పడవవాళ్ళు గెడ వేసేటప్పుడు, తెడ్డు వేసేటప్పుడు చూచినవారికి ఈ పందెపు పడవ మొదట వింతగా తోచవచ్చు. ఇందులో కూర్చున్నవాడు వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటాడు. తెడ్డును తనవైపు లాగుకొన్న కొద్దీ పడవ అతని వీపు వైపుగా దూసుకొనిపోతుంది.

హాన్లన్ ఘనతను గ్రహించాలంటే ఆ కాలంలో పడవలో వచ్చిన ఒక మార్పును ముందుగా తెలిసికొనాలి. పూర్వం పడవలో కూర్చునే పీట కదలక స్థిరంగా ఉండేది. పీట కదలనప్పుడు కాళ్ళ బలం పూర్తిగా వినియోగానికి రాదు. నడుము, చేతులే భారమంతా మోయాలి. కొందరు పీటకు జిడ్డు పూసి దానిమీద జారుతూ తెడ్డు వేయడానికి ప్రయత్నించారు. అమెరికాలో బాబ్‌కాక్ అనే ఆయన పీటనే ముందుకు వెనుకకు జారేటట్లు అమర్చి ప్రయోగాలు చేశాడు. 1873లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల పందెంలో ఉభయ పక్షాలవారూ జారుడు పీటలనే వాడారు. దానితో కొత్త సాధనం అందరికీ అందుబాటులోకి వచ్చింది.

అయితే సాధనం అందరికీ అందినంత మాత్రాన విద్య అందరికీ అందదు. ఆనాటి పందెగాండ్రలో చాలామంది జారుడు పీటపై కూర్చుని కూడ పాత పద్ధతిలోనే తెడ్డు వేసేవారు. కొందరు తెడ్డు నీటిలో పట్టు చిక్కకముందే కాళ్ళతో పీటను వెనుకకు తన్నేవారు. అప్పుడు పీట కదిలేది కాని తెడ్డు కదిలేది కాదు. కాళ్ళ శక్తి గాలిలో కలిసిపోయేది. మరికొందరు పీట జరపడం వేరు, నడుము వంచడం వేరుగా భావించి రెంటినీ విడివిడిగా చేసేవారు. హాన్లన్ ఈ లోపాన్ని కనిపెట్టాడు. కాళ్ళు, నడుము, చేతులు అనే మూడింటినీ ఒకే గొలుసులోని మూడు కడియాలవలె కలిపాడు. అతని విజయ రహస్యం ఇదే.

ఆ పద్ధతిని నాలుగు ఘట్టాలుగా వివరించవచ్చు. మొదటిది పట్టు. మోకాళ్ళు మడిచి, చేతులు చాచి, తెడ్డు రెక్కను చప్పుడు లేకుండా నీటిలో ముంచాలి. నీరు రెక్కకు చిక్కినదని తెలిసిన తరువాతనే బలం ప్రయోగించాలి. రెండవది లాగుడు. ఇందులో మొదట పనిచేయవలసినవి కాళ్ళు. పాదాలతో పలకను నెట్టుతుంటే దేహం వెనుకకు కదులుతుంది. అప్పుడు చేతులు తాళ్ళవలె నిటారుగా చాచి ఉండాలి. వాటిని తొందరపడి మడిచినవాడు కాళ్ళ బలాన్ని తెడ్డుకు చేరనీయక మధ్యలోనే పోగొట్టుకొంటాడు. కాళ్ళు చాలవరకు చాచుకొన్నప్పుడు నడుము వెనుకకు వాలుతుంది. చిట్టచివర చేతులు మడిచి తెడ్డు పిడిని రొమ్ము వరకు తెచ్చుకోవాలి. మూడవది విడుపు. తెడ్డును నీటిలో నుండి శుభ్రంగా పైకి తీయాలి. నాలుగవది మరలు. ఇది లాగుడుకు పూర్తిగా తలక్రిందులు వరుస: ముందు చేతులు చాచాలి, తరువాత నడుము ముందుకు వంగాలి, ఆఖరున మోకాళ్ళు మడవాలి.

ఈ నాలుగింటిలో నేర్చుకొనేవారు తేలికగా తీసికొనేది నాలుగవదాన్ని. లాగేటప్పుడే పని జరుగుతుందని, మరలేటప్పుడు జరిగేది వట్టి ఖాళీ కదలిక అని వారి భావన. వాస్తవానికి తెడ్డు గాలిలో ఉన్న ఆ కొద్ది క్షణాలలోనే పడవ స్వేచ్ఛగా పరుగెత్తుతుంది. మనిషి బరువు పడవ బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది గనుక, అతడు ఆత్రంగా ముందుకు జారి దబ్బున ఆగితే ఆ తాకిడికి పడవ పరుగు దెబ్బతింటుంది. వేగంగా లాగాలి, నిదానంగా మరలాలి. హాన్లన్ ప్రత్యర్థులు నిమిషానికి ఎక్కువసార్లు తెడ్లు వేసి, నురుగులు రేపి, అలసిపోయేవారు. అతడు తక్కువసార్లు వేసి, ఒక్కొక్క వేటుకు ఎక్కువ దూరం సాగేవాడు. చూచేవారికి అతడు కష్టపడుతున్నట్లే ఉండేది కాదు.

1876లో అమెరికా స్వాతంత్ర్య శతజయంతి సందర్భంగా ఫిలడెల్ఫియాలో జరిగిన పందేలలో హాన్లన్ ఒంటరి పడవలో ప్రథముడుగా నిలిచాడు. అప్పటికి అతని వయస్సు 21 ఏళ్ళు. మరుసటి సంవత్సరం కెనడా విజేత అయ్యాడు. 1878లో అమెరికా విజేతను ఓడించాడు. 1879లో ఇంగ్లండు వెళ్ళి, టైన్ నదిపై ఆ దేశ విజేత విలియమ్ ఎలియట్‌ను చాలా దూరం వెనుకకు నెట్టి గెలిచాడు. నాటికి బ్రిటిషు సామ్రాజ్యం ఉచ్ఛదశలో ఉన్నది. వలసదేశపు బెస్త కుమారుడు పాలక దేశపు విజేతను వారి నదిపైనే ఓడించడం కెనడా ప్రజలకు ఎంతటి ఉత్సాహం కలిగించిందో ఊహించుకొనవచ్చు.

ఇక మిగిలినది ప్రపంచ విజేత బిరుదు. అది అప్పుడు ఆస్ట్రేలియాకు చెందిన ఎడ్వర్డ్ ట్రికెట్ వద్ద ఉంది. 1880 నవంబరు 15న లండనులోని థేమ్స్ నదిపై, పట్నీ నుండి మోర్ట్‌లేక్ వరకు నాలుగు మైళ్ళకు పైబడిన దూరం ఇద్దరూ తలపడ్డారు. ట్రికెట్ ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు. హాన్లన్ ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలకు కూడ కొంచెం తక్కువే. బరువు సుమారు 150 పౌన్లు. ఏనుగు ప్రక్కన లేడి నిలిచినట్లుండే జత అది. కాని పందెం మొదలైన కొద్దిసేపటికే ఫలితం తేలిపోయింది. హాన్లన్ అవలీలగా ముందుకు వెళ్ళిపోయి, మధ్యలో పడవ ఆపి, సొమ్మసిల్లినట్లు నటించి, ట్రికెట్ దగ్గరకు వచ్చేసరికి మళ్ళీ తెడ్లు అందుకొని సాగిపోయాడు. ఒక క్రీడలో వ్యక్తిగతంగా ప్రపంచ విజేతగా నిలిచిన తొలి కెనడా పౌరునిగా అతడిని చెప్పుకొంటారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఓడిపోతున్నవానిని ప్రేక్షకుల ఎదుట ఆటపట్టించడం హాన్లన్‌కు అలవాటు. జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. కాని ప్రత్యర్థి గౌరవాన్ని కాపాడడం కూడ విజేత ధర్మమే కదా! అంతకంటె పెద్ద దోషం ఆనాటి క్రీడా ప్రపంచాన్ని పట్టి పీడించిన జూదం. ఈ పందేలపై వేలకు వేలు డాలర్లు, పౌన్లు చేతులు మారేవి. ట్రికెట్‌ను నమ్మి డబ్బు కాసినవారు ఎందరో నష్టపోయారు. 1879లో అమెరికాలోని షటాక్వా సరస్సుపై హాన్లన్‌తో తలపడవలసిన ఛార్లెస్ కోర్ట్నీ పడవలను ముందురోజు రాత్రి ఎవరో రంపంతో కోసివేశారు. హాన్లన్ ఒక్కడే పందెపు దూరం నడిపి తిరిగి వచ్చాడు. దోషి ఎవరో తేలనేలేదు. ఇటువంటి సంఘటనల వలన జనానికి ఈ క్రీడపై అనుమానం పెరిగింది. డబ్బు కోసం ఆడే ఒంటరి పడవ పందేలు కాలక్రమాన క్షీణించడానికి ఈ జూదం ఒక ముఖ్య కారణం. ఎంతటి విద్య అయినా జూదరుల చేతిలో పడితే దాని పరువు నిలువదు.

1880 నుండి 1884 వరకు ప్రపంచ విజేత పదవి హాన్లన్ చేతిలోనే ఉన్నది. 1884లో అతడు ఆస్ట్రేలియా వెళ్ళాడు. ఆగస్టు 16న సిడ్నీ సమీపంలోని పరమట్టా నదిపై విలియమ్ బీచ్ అనే కమ్మరి అతడిని ఓడించాడు. బీచ్ సమ్మెట పట్టిన చేతులవాడు, మంచి దేహదారుఢ్యం గలవాడు. ఆ బలానికి జారుడు పీట విద్య కూడ తోడైంది. 1885లో ఒకసారి, 1887లో మరొకసారి హాన్లన్ అతనితో తలపడి రెండుసార్లూ పరాజితుడయ్యాడు.

ఈ పరాజయంలోనే హాన్లన్ ఘనత మరొక విధంగా వెల్లడి అవుతుంది. ఒకనాడు అతనొక్కడి సొత్తుగా ఉన్న పద్ధతి నాలుగేళ్ళలో లోకమంతటికీ సొత్తయింది. అందరూ ఒకే విధంగా తెడ్డు వేయడం నేర్చిన తరువాత, సమానమైన విద్యగలవారిలో బలవంతుడు గెలవడం సహజం. తన విద్యను తన ప్రత్యర్థులు నేర్చుకొన్నందువల్లనే అతడు ఓడాడు. కత్తిని అందరి చేతికీ అందించినవాడు ఏనాటికో ఒకనాటికి ఆ కత్తికే ఓడవలసి వస్తుంది. ఆ ఓటమిని అవమానంగా ఎంచడం న్యాయం కాదు.

పందేలనుండి విరమించిన తరువాత హాన్లన్ 1898లో టొరాంటో నగర పాలక సభకు సభ్యునిగా ఎన్నికయ్యాడు. టొరాంటో విశ్వవిద్యాలయ విద్యార్థులకు, ఆ పిమ్మట 1900లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయ విద్యార్థులకు శిక్షకుడుగా పనిచేశాడు. అతని పాత ప్రత్యర్థి కోర్ట్నీ కూడ కార్నెల్ విశ్వవిద్యాలయంలో శిక్షకుడై పేరు గడించాడు. ఒకప్పుడు పందెపు డబ్బుకు తలపడిన ఇద్దరు చివరకు కళాశాల యువకులకు విద్య నేర్పే గురువులు కావడం ఎంతో సంతృప్తి కలిగించే విషయం. 1908 జనవరి 4న, తన 52వ ఏట, హాన్లన్ న్యుమోనియా వ్యాధితో మరణించాడు. 1926లో టొరాంటోలో అతని విగ్రహం నెలకొల్పబడింది. బాల్యంలో అతడు తెడ్లు వేసిన దీవి కొనకు హాన్లన్స్ పాయింట్ అనే పేరు ఇప్పటికీ నిలిచి ఉంది. 1980లో కెనడా ప్రభుత్వం అతని స్మారకంగా తపాలా బిళ్ళ వెలువరించింది.

నేడు నగరాలలోని వ్యాయామశాలలలో తెడ్డు యంత్రాలు కనిపిస్తాయి. గాలిచక్రానికి కట్టిన గొలుసును జారుడు పీటపై కూర్చుని లాగడమే వాటిలోని వ్యాయామం. అమెరికాలో 1981లో ఇద్దరు సోదరులు నిర్మించిన యంత్రం వీటికి ఎక్కువ ప్రచారం తెచ్చింది. యంత్రం ముందు కూర్చున్న యువకుడు మొట్టమొదట చేసే తప్పు చేతులతో లాగడమే. రెండవ తప్పు నిదానం లేకుండా ముందుకు దూకడం. రెంటికీ హాన్లన్ పద్ధతిలోనే చికిత్స ఉంది: పోయేటప్పుడు కాళ్ళు, నడుము, చేతులు, వచ్చేటప్పుడు చేతులు, నడుము, కాళ్ళు. అయితే యంత్రం నేలపై కదలక నిలుస్తుంది గనుక తూకం తప్పినా మునగదు. మనిషి తప్పులను అది క్షమిస్తుంది. నీరు క్షమించదు. యంత్రంపై ఊపిరిని, వరుసను అభ్యసించి, నీటిపై తూకాన్ని, స్పర్శను నేర్చుకొనడమే ఉత్తమ మార్గం. మన హుస్సేన్ సాగర్‌పై సన్నని పందెపు పడవలు నడిపే యువకులు కూడ అనుసరించవలసిన క్రమం ఇదే.

విద్యార్థి మిత్రులారా! మనలో ఎందరో చిన్న దుకాణాలు, చేతిపనులు, దినకూలి ఆధారంగా బ్రతికే ఇళ్ళనుండి చదువుకు వచ్చినవారు. పెద్ద ఇళ్ళలో పుట్టినవారి వసతులు మనకు లేవని, వారితో పోటీ పడలేమని కొందరు ముందుగానే తెడ్లు దించివేస్తారు. హాన్లన్ దేహం తన ప్రత్యర్థుల దేహం కంటె చిన్నది. అతని ఇల్లు వారి ఇళ్ళకంటె పెద్దది కాదు. అతడు తన కొరతను లెక్కపెట్టుకొంటూ కూర్చొనలేదు. అందరి వద్దా ఉన్న పీటనే, అందరూ వేసే తెడ్డునే ఇతరులకంటె శ్రద్ధగా పరిశీలించాడు. బలం ఎక్కడ వృథా అవుతున్నదో కనుగొన్నాడు. చదువులో కూడ మన శక్తి ఎక్కడ జారిపోతున్నదో, ఏ పని ముందు, ఏ పని వెనుక చేయాలో తెలిసికొన్ననాడు సగం దూరం దాటినట్లే. పట్టు చిక్కిన తరువాత బలంగా లాగాలి, లాగిన తరువాత నిదానంగా మరలాలి. మళ్ళీ పట్టు, మళ్ళీ లాగుడు. ఆవలి ఒడ్డు అంతకంతకు దగ్గర అవుతుంది.