తుగ్లక్ సుల్తాను – రాగి టంకము

అర్థంలేని ఉత్తర్వు వెలువడిన ప్రతిసారీ దానిని తుగ్లక్ పాలన అని పరిహసించడం మనకు పరిపాటి. ఆరు శతాబ్దాలకు పూర్వం కన్నుమూసిన ఒక ప్రభువు పేరు ఇట్లు సామెతయై నిలిచిపోయింది. ఆ ప్రభువు జీవితాన్ని, ముఖ్యంగా ఆయన ప్రవేశపెట్టిన నాణెమును పరిశీలించినచో ధనస్వరూపాన్ని గూర్చి విలువైన పాఠం లభిస్తుంది.

ముహమ్మద్ బిన్ తుగ్లక్ తొలి నామం జౌనా ఖాన్. తండ్రి గియాసుద్దీన్ ఢిల్లీ సుల్తాను కాగానే ఆయనకు ఉలుగ్ ఖాన్ బిరుదు లభించింది. తెలుగువారికి ఆయన యువరాజుగానే ఎరుక. 1323లో ఓరుగల్లు కోటను పట్టుకొని కాకతీయ రాజ్యాన్ని అంతమొందించిన సేనాని ఆయనే. 1325లో సింహాసనం అధిష్ఠించాడు. అరబ్బీ, పారసీక భాషలలో, తర్కంలో, తత్త్వంలో, గణితంలో, వైద్యంలో ప్రవేశమున్న పండితుడాయన.

యుద్ధాలు, దౌలతాబాదు రాజధాని నిర్మాణం, అపారమైన దానాలు బొక్కసాన్ని కుంగదీశాయి. ఆ కాలంలో వెండికి కొరత ఏర్పడినదని కూడ చరిత్రకారులు కొందరు భావిస్తారు. చైనాలో కుబ్లాయ్ ఖాన్ కాగితపు ద్రవ్యాన్ని నడిపించాడు. 1294లో ఇరాన్ పాలకుడు గైఖాతూ తబ్రీజ్ నగరంలో ఆ పద్ధతిని అనుకరించి విఫలుడైనాడు. తుగ్లక్ కాగితమును గాక లోహమునే ఎన్నుకొన్నాడు. 1330 ప్రాంతంలో ఇత్తడి, రాగి నాణెములు ముద్రింపించి, అవి వెండి టంకముతో సమానమని శాసించాడు. వాటి విలువ లోహంలో లేదు. సుల్తాను మాటలో ఉంది.

ఆలోచన గొప్పది, రక్షణ లేదు. రాగి సులభంగా దొరికేది. దొంగముద్రను పసిగట్టగల గురుతులు నాణెముపై లేవు. ఇంటింటా నాణెములు తయారైనవని నాటి చరిత్రకారుడు బరనీ వ్రాశాడు. ప్రజలు పన్నులు రాగితో చెల్లించి వెండిని దాచుకొన్నారు. విదేశీ వర్తకులు రాగిని స్వీకరింపలేదు. వ్యాపారం స్తంభించింది.

రెండు మూడేండ్లలోనే సుల్తాను తన శాసనాన్ని ఉపసంహరించుకొన్నాడు. రాగి నాణెములు తెచ్చినవారికి బొక్కసం నుండి బంగారు, వెండి నాణెములు ఇప్పించాడు. అసలువానితో పాటు నకిలీలు కూడ మారిపోయాయి. తుగ్లకాబాదులో గుట్టలుగా పడిన రాగి నాణెములు ఏండ్ల తరబడి కనిపించేవట.

ఆయనను నిర్దోషి అని చెప్పజాలము. గంగా యమునల నడుమ పెంచిన పన్నులు, క్రూరమైన శిక్షలు ప్రజలను కలచివేశాయి. తిరుగుబాట్లతో రాజ్యం చీలిపోయింది. ఓరుగల్లు కూడ చేజారి ముసునూరి నాయకుల వశమైంది. 1351లో సింధునదీ తీరాన, తట్టా సమీపంలో, ఒక తిరుగుబాటును అణచబోయి ఆయన మరణించాడు. అయినను నాణెముల విషయంలో ఆయన ఆడిన మాట తప్పలేదు. నష్టమును ప్రజలపైకి నెట్టక తానే భరించాడు.

నేడు మన జేబులోని నోటు కూడ కాగితమే. నీటిగురుతు, భద్రతాదారం దానిని నకిలీల నుండి కాపాడుతున్నవి. దానికి ప్రాణం పోసేది ప్రభుత్వంపై మన నమ్మకం. తుగ్లక్‌కు ఈ రెండవది తెలుసు, మొదటిది కొరవడినది. విద్యార్థులారా, ఆయనను చూచి నవ్వేముందు మన చేతిలోని నోటును ఒకమారు చూచుకొందము.