రెండో గిటారు ఎక్కడ?

ప్లేస్‌మెంట్ల సీజన్ మొదలయ్యాక నా గిటారు అమ్మేద్దామనుకున్నా. పనికీ పాటకీ పొత్తు కుదరదని నా లెక్క. ఆ లెక్కని తప్పని తేల్చినవాడు ఓ తాపీమేస్త్రి. పేరు జోసెఫ్ స్పెన్స్.

1910 ఆగస్టులో బహామాస్‌లోని ఆండ్రోస్ దీవిలో పుట్టాడు. తండ్రి పాస్టర్. చిన్నప్పుడే గిటారు పట్టి, ఎక్కువభాగం సొంతంగానే నేర్చుకున్నాడు. పెద్దయ్యాక స్పాంజి పడవలెక్కాడు. సముద్రంలో పెరిగే స్పాంజిని తీసి అమ్మడమే అప్పట్లో అక్కడి వేలమందికి బతుకుతెరువు. పడవల మీద ఒకడు భక్తిపాటకి మాటలు అల్లుతుంటే మిగతావాళ్లు గొంతు కలిపేవాళ్లు. స్పెన్స్ పాటకి అదే బడి.

1938 చివర్లో స్పాంజికి తెగులు సోకింది. కొద్ది నెలల్లోనే చాలామటుకు చచ్చిపోయింది, దాంతోపాటు ఆ వృత్తీ పోయింది. యుద్ధకాలంలో భార్య లూయీస్‌తో కలిసి అమెరికా దక్షిణాదికెళ్లి పొలాల్లో కూలి చేశాడు. తిరిగొచ్చి నాసోలో తాపీపనిలో స్థిరపడ్డాడు. ఇన్ని మారినా గిటారు మాత్రం వదల్లేదు.

1958లో శామ్యూల్ చార్టర్స్ అనే అమెరికన్ జానపద పాటలు రికార్డు చేయడానికి ఆండ్రోస్ వచ్చాడు. ఇల్లు కడుతున్న చోట గిటార్లు వినిపిస్తే, ఇద్దరు వాయిస్తున్నారనుకుని రెండోవాడి కోసం వెతికాడట. చూస్తే స్పెన్స్ ఒక్కడే! ఆరోజే రికార్డు చేసుకున్నాడు. మరుసటి ఏడాది ఫోక్‌వేస్ కంపెనీ దాన్ని విడుదల చేసింది.

ఇందులో కిటుకు ఏంటంటే, అన్నిటికంటే లావు తీగని రెండు ఫ్రెట్ల మేర కిందికి దించేవాడు. బొటనవేలు ఆ తీగ మీద మంద్రస్వరాలు నడిపిస్తుంటే, మిగతా వేళ్లు పాట వరసని అటూఇటూ తిప్పేవి. కాలితో తాళం. నోటితో మాటలు సగం, మూలుగులు, గురగురలు సగం. మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. మూడోసారికి ఆ గురగుర కూడా ఓ వాయిద్యమేనని తెలిసింది.

అరవైల్లో అమెరికా వెళ్లి కచేరీలు చేశాడు. 1965లో తోబుట్టువు ఎడిత్ పిండర్ కుటుంబంతో కలిసి నాసోలో పాడిన పాటలు 'ది రియల్ బహామాస్' రికార్డుగా వచ్చాయి. రై కూడర్, తాజ్ మహల్ లాంటి పేరున్న గిటారిస్టులు అతని బాణీని శ్రద్ధగా పట్టుకున్నారు. అయినా స్పెన్స్‌కి కూడు పెట్టింది పాట కాదు, ఒళ్లు వంచి చేసిన పనే. 1984 మార్చిలో నాసోలో కన్నుమూశాడు.

సిమెంటు పని చేసిన వేళ్లవి. వాయించడానికి వాటికి టైమెలా దొరికిందో! పేదరికాన్ని గొప్పగా చెప్పడం నా ఉద్దేశం కాదు. పాటకి తగ్గ డబ్బు అతనికి అందుంటే బాగుండేది. కానీ ఉద్యోగం వచ్చేదాకా పాట ఆగాలనే రూలేమీ లేదని మాత్రం అర్థమైంది.

గిటారు అమ్మలేదు. లావు తీగని కిందికి దించి నెలైంది. నా బొటనవేలు ఇంకా మాట వినట్లేదు.