నొప్పిని నమ్మిన వైద్యుడు: డాక్టర్ డెర్కమ్

కొందరు మహానుభావులు చనిపోయాక రోగాల పేర్లుగా మిగిలిపోతారు. పార్కిన్సన్ ఎవరు, ఆడిసన్ ఎవరు అని అడిగితే మనలో చాలామంది తెల్లమొహం వేస్తాం. వాళ్ళ పేరు పెట్టిన జబ్బుల లక్షణాలు మాత్రం గడగడా అప్పజెప్పేస్తాం. ఫ్రాన్సిస్ జేవియర్ డెర్కమ్ గతీ అంతే. పాఠ్యపుస్తకంలో ఆయన వాటా నాలుగైదు పంక్తులు. కాని తన కాలంలో ఆయన సాక్షాత్తూ దేశాధ్యక్షుడికే వైద్యం చెయ్యడానికి పిలుపు అందుకున్న డాక్టరు.

1856 ఆగస్టు 10న అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో పుట్టారు. చదువూ, ఉద్యోగమూ, చివరికి మరణమూ అన్నీ ఆ ఊళ్ళోనే. 1877లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టం పుచ్చుకుని, నాడీమండల వ్యాధుల వైపు మొగ్గారు. ఆ శాస్త్రం అప్పటికింకా బాల్యావస్థలోనే ఉంది. ఎక్స్‌రే లేదు, స్కానింగ్ మాట సరేసరి. ఒక చిన్న సుత్తి, ఒక గుండుసూది, వైద్యుడి కళ్ళు, చెవులు... ఉన్న పరికరాలు ఇవే. రోగి ఎలా నడుస్తున్నాడో చూడాలి, ఏం చెబుతున్నాడో వినాలి.

చూడటంలో డెర్కమ్‌కు అనుకోని సాయం ఒకటి దొరికింది. పరుగెత్తే గుర్రాన్ని వరుస కెమెరాలతో ఫోటోలు తీసి ప్రసిద్ధుడైన మైబ్రిడ్జ్, 1884లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేయసాగాడు. ఆ మర్నాటి సంవత్సరం డెర్కమ్ తన రోగుల్ని ఆయన కెమెరాల ముందుకు తీసుకొచ్చారు. వాళ్ళలో చాలామంది బ్లాక్లీ అనే ధర్మాసుపత్రిలోని నిరుపేదలు. తూలుతూ నడిచేవారు, కాలు ఈడ్చేవారు. క్షణంలో వెయ్యోవంతుల లెక్కలో తీసిన ఆ ఫోటోల్లో, మామూలు కంటికి అందని నడక తేడాలు స్పష్టంగా కనిపించాయి. 1887లో అచ్చయిన మైబ్రిడ్జ్ గ్రంథంలోని 781 పలకల్లో ఇవీ ఉన్నాయి. నాడీవైద్య చరిత్రలో ఇదొక మైలురాయి, కాదనను. కాని ఒక మోడల్ అమ్మాయికి కృత్రిమంగా వంకర్లు, మూర్ఛలాంటి కదలికలు తెప్పించి ఫోటోలు తీశారని చదివినప్పుడు మనసు చివుక్కుమంటుంది. ఈనాడు ఏ నైతిక సంఘమూ దానికి అనుమతి ఇవ్వదు. ఆ రోజుల్లో ధర్మాసుపత్రి రోగిని ఒక మాట అడగాలన్న ఆలోచనే ఎవరికీ పెద్దగా ఉండేది కాదు.

ఇక అసలు కథకు వద్దాం.

1888లో డెర్కమ్ ఒక స్త్రీ కేసును ప్రచురించారు. ఆమె చేతుల మీద, వీపు మీద కొవ్వు పెద్ద పెద్ద దిబ్బలుగా పేరుకుంది. అది మాత్రమే అయితే విశేషం లేదు. ఆ కొవ్వు నొప్పి పుడుతోంది! ముట్టుకుంటే నొప్పి, ముట్టుకోకపోయినా నొప్పి. 1892లో ఆమెతో కలిపి మొత్తం మూడు కేసులు వివరించి, లాటిన్ మాటలతో అడిపోసిస్ డోలొరోసా అని నామకరణం చేశారు. నొప్పి పుట్టే కొవ్వు అని దానర్థం.

ఇందులో గొప్పేముంది అనిపించవచ్చు. ఒళ్ళు చేసిన ఆడమనిషి ఒళ్ళంతా నొప్పులమ్మా అంటే ఏ దేశంలోనైనా జరిగేది ఒకటే. ఒళ్ళు తగ్గించుకోమంటారు, పనీపాటా చేసుకోమంటారు, మరీ అడిగితే మనసు కుదురుగా పెట్టుకోమంటారు. డెర్కమ్ ఆ పని చేయలేదు. కూర్చుని విన్నారు, చేత్తో తడిమి చూశారు. ఇది వట్టి స్థూలకాయం కాదు, స్థూలకాయంలో కొవ్వు ఇలా నొప్పి పుట్టదు అని తేల్చారు. అప్పట్లో వైద్యులందరి నోటా ఉన్న జబ్బు మిక్సెడీమా. థైరాయిడ్ గ్రంథి మందగిస్తే వచ్చే వాపు అది. అందులో ముఖమూ, చేతులూ ఉబ్బుతాయి. ఈ స్త్రీలకు ముఖమూ, అరచేతులూ, పాదాలూ మామూలుగానే ఉన్నాయి. కనుక అదీ కాదు. ఇది కాదు, అది కాదు అంటూ ఒక్కొక్కటే తీసేసి, మిగిలినదానికి పేరు పెట్టారు. పేరున్న రోగానికి గౌరవం ఉంటుంది. పేరు లేని నొప్పి వట్టి సణుగుడు కింద జమ అవుతుంది.

1901లో ఇద్దరు ఫ్రెంచి వైద్యులు ఈ వ్యాధికి నాలుగు లక్షణాలు ఖరారు చేశారు. నొప్పి గల కొవ్వు గడ్డలు, స్థూలకాయం, నీరసం. నాలుగోది మానసిక వికారం. ఈ నాలుగోదే వచ్చి చిక్కు తెచ్చిపెట్టింది. ఏళ్ళ తరబడి రాత్రీ పగలూ నొప్పితో బాధపడే మనిషి కుంగిపోక ఏంచేస్తుంది? అది వ్యాధి లక్షణమా, వ్యాధి ఫలితమా? వంద సంవత్సరాలకు పైగా పుస్తకాలు ఆ నాలుగింటినీ మోస్తూ వచ్చాయి. 2012లో స్వీడన్ పరిశోధకులు, స్థూలకాయమూ, మూడు నెలలకు మించి కొవ్వులో ఉండే నొప్పీ ఈ రెండూ చాలునని ప్రతిపాదించారు. మూడో, నాలుగో లక్షణాలను పక్కకు తప్పించారు. బాధ్యతగా చేసిన పని.

కారణం ఏమిటో డెర్కమ్‌కు అంతుపట్టలేదు. శవపరీక్షల్లో కొన్నిచోట్ల థైరాయిడ్‌లో మార్పులు కనిపించాయి. 1902లో మరొకరితో కలిసి ప్రచురించిన కేసులో పిట్యూటరీ గ్రంథిలో కణితి కనిపించింది. దాంతో గ్రంథుల మీద అనుమానం బలపడింది. థైరాయిడ్ సారం ఇచ్చి చూసిన వైద్యులున్నారు. కొందరికి తగ్గిందన్నారు, కొందరికి తగ్గలేదన్నారు. మందు వల్ల తగ్గిందా, దానంతటదే తగ్గిందా, డాక్టరు మీద గురి వల్ల తగ్గిందా అని తేల్చే పద్ధతి మాత్రం ఎవరి దగ్గరా లేదు. చీట్లు వేసినట్టు రోగుల్ని రెండు గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు మందు ఇచ్చి, రెండో గుంపుతో పోల్చి చూసే పద్ధతికి ఊపు వచ్చింది 1948లో ఇంగ్లండులో స్ట్రెప్టోమైసిన్ పరీక్ష ఫలితాలు వెలువడ్డాక.

ఆ పద్ధతి వచ్చాక అయినా డెర్కమ్ వ్యాధికి వెంటనే మేలు జరగలేదు. క్షయకు వేలమంది రోగులు దొరుకుతారు. అరుదైన జబ్బుకు ఒక ఊళ్ళో ఒక్కరు కూడా ఉండరు. నొప్పికి థర్మామీటరు లేదు కదా, రోగి చెప్పే మాటే కొలత. ఉత్తుత్తి మందు ఇచ్చినా కొందరికి నొప్పి తగ్గుతుంది. కనుక పోలిక లేకుండా ఏ మాటా నమ్మడానికి వీల్లేదు, పోలికకు చాలినంతమంది దొరకరు. 1980లలో స్వీడన్, డెన్మార్క్ వైద్యులు లిడోకెయిన్ అనే మత్తుమందును నరంలోకి ఎక్కించి చూశారు. నొప్పి కొందరికి గంటలపాటు, కొందరికి నెలలపాటు తగ్గింది. 2011లో స్వీడన్ శస్త్రవైద్యులు కొవ్వును గొట్టంతో పీల్చివేసిన రోగుల్ని అయిదేళ్ళు గమనించి ఫలితాలు ప్రకటించారు. నొప్పి తగ్గింది, కాని ఆ మేలు కాలం గడిచేకొద్దీ పలచబడింది. అదంతా శస్త్రచికిత్స వల్లేనని వాళ్ళే గట్టిగా చెప్పలేదు. నాకు నచ్చింది ఆ నిజాయితీ. ఈ మధ్య కాలంలో గడ్డలోకే సూదిమందు ఎక్కించి కొవ్వు కణాలను నశింపజేసే మందులపై తైవాన్, ఇజ్రాయెల్ కంపెనీలు పరీక్షలు మొదలుపెట్టాయి. వాటిలో గడ్డ సైజుతోపాటు రోగి తన నొప్పికి తానే వేసుకునే మార్కులనూ లెక్కలోకి తీసుకుంటారు.

తిరిగి డెర్కమ్ జీవితానికి. 1892లో జెఫర్సన్ మెడికల్ కాలేజీలో చేరి, 1900లో ఆచార్యులై, 1925 దాకా పాఠాలు చెప్పారు. 1895లో నాడీ వ్యాధుల మీద పెద్ద పాఠ్యగ్రంథానికి సంపాదకత్వం వహించారు. ఫ్రాయిడ్ మనోవిశ్లేషణ అంటే ఆయనకు బొత్తిగా గిట్టేది కాదు. ఈ వివరాలన్నీ ఇలా ఒక్క గుక్కలో చెప్పవచ్చు గాని, 1919 మాత్రం ఆగి చెప్పుకోవలసిందే.

ఆ ఏడు అక్టోబరు 2న అధ్యక్షుడు వుడ్రో విల్సన్‌కు పక్షవాతం వచ్చింది. ఆయన సొంత వైద్యుడు గ్రేసన్, డెర్కమ్‌ను వాషింగ్టన్‌కు రప్పించాడు. ఎడమవైపు పడిపోయింది. మెదడు కుడిభాగంలో రక్తనాళం పూడుకుపోయిందని డెర్కమ్ సరిగానే గుర్తించి రాసిచ్చారు. జనానికి చెప్పింది మాత్రం నరాల అలసట అని! విల్సన్ 1921 మార్చి దాకా పదవిలోనే ఉన్నాడు. అంతకాలమూ డెర్కమ్ నోరు విప్పలేదు. ఆయన రాసిచ్చిన నివేదిక గ్రేసన్ కాగితాల్లో బయటపడే సరికి 1990 వచ్చింది. రాజీనామా వద్దని సలహా ఇచ్చింది డెర్కమేనని విల్సన్ భార్య ఎడిత్ 1939లో తన జ్ఞాపకాల్లో రాసుకుంది. చాలామంది చరిత్రకారులు దాన్ని నమ్మరు. అప్పటికి కాదనడానికి డెర్కమ్ బతికి లేరు. రోగి రహస్యం కాపాడటం వైద్య ధర్మమే. కాని ఒక దేశం మొత్తానికి సంబంధించిన రోగి అయితే ఆ ధర్మం ఎక్కడి దాకా? ముక్కూమొహం తెలియని ముగ్గురు స్త్రీల బాధను లోకానికి చాటిన మనిషి, అధ్యక్షుడి పక్షవాతాన్ని కడుపులో దాచుకున్నారు. ఇది నాకు మింగుడుపడదు. ఆయన స్థానంలో ఇంకొకరైతే ఏంచేసేవారో చెప్పడమూ సులువు కాదు.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ స్థాపించిన అమెరికన్ ఫిలసాఫికల్ సొసైటీకి 1927లో డెర్కమ్ అధ్యక్షులయ్యారు. 1931 ఏప్రిల్ 23న వార్షిక సమావేశానికి అధ్యక్షత వహిస్తూ, ఫ్రాంక్లిన్ కూర్చున్న ఆ పాత కుర్చీలోనే ప్రాణం విడిచారు. అప్పటికి ఆయన వయసు 74.