కాలువ గట్టున కనబడిన భక్తి



చెన్నపట్టణంలో స్థిరపడిన మనవారు బకింగ్‌హాం కాలువను చూచే ఉంటారు. ఆ కాలువ ఉత్తరాన ఒంగోలు ప్రాంతంలో సాగినచోట 3½ మైళ్ల తవ్వకం మన తెలుగు బాప్టిస్టుల చరిత్రలో భాగం. ఆ పని చేయించినవారు జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు.

ఆయన 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో జన్మించారు. యౌవనంలో భూములు కొలిచే సర్వే పని నేర్చుకొన్నారు. 1865లో నెల్లూరు చేరి, మరుసటి సంవత్సరం ఒంగోలుకు వెళ్లారు. 1867 జనవరి 1న అక్కడ 8 మంది సభ్యులతో సంఘం ఏర్పడింది. చెప్పులు కుట్టుకొని జీవించే మాదిగ పల్లెల్లో సువార్త వ్యాపించింది. ఈ పేదలను చేర్చుకొంటే మేము రామని పైకులాలవారు చెప్పినా, దొరగారు, ఆయన భార్య హారియెట్ అమ్మగారు పేదలనే చేర్చుకొన్నారు.

1876-78 మధ్య ధాత కరువు వచ్చింది. ప్రజలు ఆకలితో రాలిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా కాలువ తవ్విస్తుండగా, ఇతరుల క్రింద పేద కూలీలకు న్యాయం జరుగదని ఎరిగి, దొరగారు స్వయంగా కాంట్రాక్టు తీసుకొన్నారు. యౌవనంలో నేర్చిన కొలత పని అక్కడ అక్కరకు వచ్చింది. తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, చేసిన పనికి సరిగా కూలి ఇప్పించారు. విరామ వేళల్లో బోధకులు కూలీల మధ్య కూర్చుండి యేసుప్రభువును గూర్చి చెప్పేవారు.

వేలాదిమంది విశ్వసించి బాప్తిస్మము అడిగారు. దొరగారు ఇవ్వలేదు! ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కూలి డబ్బు, కరువు సహాయం తన చేతిలో ఉన్నంతకాలం, ఆకలిగొన్నవాడు అడిగేది రక్షణో, గింజలో తేల్చలేమని ఆయన తలంపు. సంఖ్య పెంచుకొని అమెరికాకు గొప్ప నివేదిక పంపడానికి అంతకంటె సులువైన సమయం దొరకదు. అయినా ఆగారు.

1878లో సహాయం పంచే పని ముగిసింది. ఇక ఇవ్వడానికి తనవద్ద ఏమీ లేదని తెలిసినా జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి వచ్చారు. చేతుల బొబ్బలు చూపి, కష్టపడి బ్రతుకుతాము, డబ్బు వద్దు, బాప్తిస్మము చాలునని వేడుకొన్నారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు అలసితే మరి ఇద్దరు నీటిలోనికి దిగారు.

1910లో దొరగారు ప్రభువునందు నిద్రించారు. ఆ 2,222 అనే సంఖ్యను మనం ప్రతి వార్షికోత్సవంలో చెప్పుకొంటున్నాము. దాని వెనుకనున్న ఆ నిగ్రహాన్ని చెప్పుకోవడం తక్కువ.

పరాయి రాష్ట్రంలో ముందుగా స్థిరపడిన మనము, ఊరినుండి వచ్చినవారికి పని చూపుతాము, ఇల్లు చూపుతాము, చేబదులిస్తాము. అది మంచిదే. అయితే సంఘ ఎన్నికలు వచ్చినప్పుడు వారు మన పక్షాన చెయ్యెత్తాలని కోరుతున్నామా? ఎత్తకపోతే ముఖం తిప్పుకొంటున్నామా? అట్లయితే మనము చేసినది ధర్మం కాదు, బేరము. ఇచ్చిన చేతితో ఎదుటివాని మనస్సాక్షిని పట్టుకొనకుండుట ప్రతిదినము నేర్చుకోవలసిన సద్గుణము. ప్రభువు మనకు ఆ కృప దయచేయును గాక. ఆమేన్.